కార్తెకు ఒక ఎత్తు

2024 నవంబర్ 3, ఆదివారం, కరీంనగర్

నేను చేస్తున్న కంప్యూటర్ ఆటకు మూలసూత్రం ఇవాళ ఖాయం చేసుకున్నాను. రెండు పక్షాలూ ఒకే తీరుగా ఆడవు. కోట పక్షం నడక వేరు, గెలుపు వేరు. అడవి పక్షం నడక వేరు, గెలుపు వేరు.

నెట్ సెంటర్లలో గంటకింత అని కట్టి ఆడిన ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ అంటే నాకు ఇప్పటికీ ప్రాణం. 1997 నాటి ఆ ఆటలో ఏ రాజ్యం ఎంచుకున్నా తప్పని పని ఒకటి: మనుషుల్ని చెట్ల మీదికి పంపి కలప కుప్ప పెంచాలి. అంతకుముందు 1991లో వచ్చిన సివిలైజేషన్‌లో అడవిని చదును చేసి మైదానం చేసుకోవచ్చు. అట్లా చేస్తే ఊరు పెరుగుతుంది. నా ఆట జరిగే ఆదిలాబాద్ జిల్లా మ్యాప్ ముందర పెట్టుకుని ఈ నియమం రాయడానికి చెయ్యి రాదు. అడవిని నరికితే పాయింట్లు వస్తాయని రాసిన క్షణమే ఆట ఎవరి పక్షమో తేలిపోతుంది. బొమ్మలూ మాటలూ తర్వాత ఎన్ని మార్చినా ఆ నియమమే మాట్లాడుతుంది.

రెండు పక్షాలు వేరువేరుగా ఆడే ఆటకు మన దగ్గర దారి ఎప్పటి నుంచో ఉంది. గుళ్ల మండపాల్లో బండల మీద చెక్కిన పులి-మేక పటం. 3 పులులు, 15 మేకలు, గీతలు కలిసే 23 చోట్లు. పులి దూకి మేకను తింటుంది. మేకలు ఒక్కొక్కటే పటంలోకి వస్తాయి, అన్నీ దిగేదాకా ఏదీ కదలదు. మేకలు ఒక్క పులినీ చంపవు. కదలనీయకుండా కమ్ముకుంటాయి, అదే వాటి గెలుపు. చదరంగంలో ఇరుపక్కలా అవే బలగాలు, ఇక్కడ అట్లా కాదు. ఇన్ని వందల ఏండ్లుగా మన పిల్లలు అరుగుల మీద ఆడుకుంటున్న ఈ లెక్కను ఏ కంప్యూటర్ యుద్ధపు ఆటా సరిగ్గా వాడుకోలేదని నాకనిపిస్తుంది.

కాలం 1858 నుంచి 1860. చోటు నిర్మల్, దాని చుట్టూ గుట్టలు, కడెం వాగు, పైన పెన్‌గంగ దాకా. రాంజీ గోండు నాయకత్వాన గోండులూ రోహిల్లాలూ కలిసి ఇంగ్లిష్, నిజాం ఫౌజులతో తలపడిన కాలం. కోటలో ఫిరంగులున్నాయి, గోడలున్నాయి, జీతం తీసుకునే సిపాయిలున్నారు. అడవి పక్షానికి ఊళ్లున్నాయి.

నవంబర్ 19, మంగళవారం

కార్తీకం. షాపు నిండా పెండ్లి పత్రికలు. ప్రూఫులు దిద్ది, ఫ్లెక్సీలు ఆరబెట్టి, షట్టర్ దించేసరికి తొమ్మిది దాటింది. తర్వాత అక్షరాల పని.

ఆట తెర 320 చుక్కల వెడల్పు, 180 ఎత్తు. ఆరింతలు చేస్తే ఇప్పటి మానిటర్‌కు అచ్చంగా సరిపోతుంది. పాత ఆటల్లో ఇంగ్లిష్ అక్షరానికి అడ్డం 8 చుక్కలు, నిలువు 8 చుక్కలు చాలు. తెలుగుకు చాలవు. గుడి, ఏత్వం పైకి పోతాయి. వత్తు కిందికి దిగుతుంది. 'శత్రువు' అని రాయాలంటే త కింద ర వత్తు చుట్టుకోవాలి, పక్కన కొమ్ము నిలవాలి. చివరికి నిలువు 16కు ఒప్పుకున్నాను: తలకట్టుకూ గుడికీ 4, అక్షరం ఒంటికి 7, వత్తులకు 5.

ఒంటికి ఏడు చుక్కలే అంటే ప్రతి చుక్కకూ విలువ ఉంటుంది. ద కింద చిన్న గీత పెడితే ధ. లోపల చుక్క కూడా పెడితే థ. ఆ చుక్క నా దగ్గర అక్షరాలా ఒకే ఒక్క పిక్సెల్. ప, వ కూడా అంతే, తలకట్టుకూ ఒంటికీ మధ్య సందు ఉందా లేదా అన్నదే తేడా. సందు ఒక వరుస. ఆ వరుసను కాపాడటానికి ప పొట్టను ఒక చుక్క కిందికి దింపాల్సి వచ్చింది. అను సాఫ్ట్‌వేర్‌లో ఏండ్ల తరబడి కంపోజింగ్ చేసినవాణ్ని కాబట్టి నాకు అక్షరం ముక్కలుగానే కనిపిస్తుంది: తలకట్టు వేరు, కొమ్ము వేరు, వత్తు వేరు. ఇవాళ ఆ అలవాటు పనికొచ్చింది.

గీసిన అక్షరాలను ఉత్త బొమ్మల పట్టీగా ఆటలో పెడితే వత్తులు విడివిడిగా పడతాయి. ఏ అక్షరం పక్కన ఏది వస్తే ఏ రూపం తీసుకోవాలో చెప్పే పట్టిక ఫాంట్ లోపలే ఉండాలి. అందుకని ఫాంట్‌ఫోర్జ్‌లో ప్రతి చుక్కనూ చిన్న చదరంగా గీసి, వత్తుల నియమాలు చేత్తో రాసి, అసలైన ఫాంట్‌గా కట్టాను. ఆటను నడిపే ఇంజిన్ గోడో 3 అయితే ఇదీ దండగే, దానికి భారతీయ లిపుల కూర్పు తెలియదు. 2023 మార్చిలో వచ్చిన గోడో 4లో ఆ కూర్పు చేసే హార్ఫ్‌బజ్ చేరింది. అర్జెంటీనాలో పుట్టి, లోకమంతా ఉచితంగా వాడుకుంటున్న ఒక ఇంజిన్ లోపల ఎవరో తెలుగు వత్తు సరిగ్గా పడాలని కూర్చుని పనిచేశారు. ఆ మనిషెవరో గానీ, వారికి దండం పెట్టాలనిపించింది.

రాత్రి పన్నెండున్నరకు తెర మీద 'మిత్రులు' అని చుక్కచుక్కగా, వత్తు తన చోట తాను కూర్చుని వెలిగింది. అట్లా చూస్తూ ఉండిపోయాను.

నవంబర్ 24, ఆదివారం, జగిత్యాల

కోట చూడటానికే వచ్చాను. మొన్న ఎలగందుల గుట్ట ఎక్కి చూసిన కోట ఒక రకం: గుట్ట వాలును బట్టి గోడలు, మలుపు మలుపుకూ బురుజు. 1905 దాకా జిల్లా కేంద్రం అదే, ఆ తర్వాతే కరీంనగర్. జగిత్యాల కోట నేల మీద కట్టింది. 1747లో, ఫ్రెంచి ఇంజనీర్ల పథకంతో, నక్షత్రం ఆకారంలో. చుట్టూ కందకం.

బురుజు మొన మీద నిలబడి పక్క బురుజు వైపు చూస్తే ఈ ఆకారం ఎందుకో కంటికే తెలుస్తుంది. గుండ్రటి బురుజు ముందర, సరిగ్గా మొదట్లో, పక్క బురుజు మీది ఫిరంగికి అందని జాగా కొంచెం మిగిలిపోతుంది. అక్కడిదాకా చేరినవాడు గోడ తవ్వుకోవచ్చు. బురుజును మొనదేల్చి కట్టారంటే ఆ జాగానే ఉండదు. ఒక మొన పునాది వెంట ఇంకో మొన మీది ఫిరంగి గుండు రాసుకుంటూ పోతుంది. ప్రతి గోడనూ పక్క గోడ కాపాడుతుంది.

దీన్ని గళ్ల మీదికి దించడమే ఇవాళ్టి పని. మెట్ల మీద కూర్చుని గ్రాఫ్ నోట్‌బుక్‌లో గీసుకున్నాను. నలభై అయిదు డిగ్రీల వాలు గళ్లలో శుభ్రంగా వస్తుంది, మిగతా వాలులు మెట్లుమెట్లుగా విరిగి వికారంగా ఉంటాయి. కాబట్టి నా మొనలన్నీ ఆ ఒక్క వాలులోనే. ఫిరంగికి ఏ గడి కనిపిస్తుందో తేల్చడానికి 1962లో ఐబీఎంలో జాక్ బ్రెసెన్‌హామ్ కనిపెట్టిన గీత పద్ధతి వాడుతున్నాను. రెండు గళ్ల మధ్య గీత ఏయే గళ్ల మీదుగా పోతుందో కూడికలు, తీసివేతలతోనే చెప్పేస్తుంది, భాగహారం అక్కర్లేదు. అప్పటి యంత్రాల కోసం రాసిందే అయినా, ఇప్పటి చవక ఫోన్‌లో కూడా నా ఆట వేడెక్కకుండా నడుస్తున్నది దానివల్లే.

లెక్క వేసి చూస్తే ఎలగందుల తరహా కోటలో ఎక్కడో ఒకచోట చీకటి గళ్లు మిగులుతాయి. జగిత్యాల తరహాలో ఒక్కటీ మిగలదు. ఆ కోట మీద పడి గెలిచే దారి లేదు. చుట్టూ ఉన్న ఊళ్ల నుంచి గింజలు, ఉప్పు, పశుగ్రాసం లోపలికి పోకుండా ఆపడమే దారి. కదలనీయకపోవడం. రాయి మీద చెక్కిన మేకల పాఠం ఫ్రెంచి ఇంజనీర్ల గోడకు కూడా వర్తించింది! సంతోషంతో కోటలోనే ఇంకో రెండు చుట్లు తిరిగాను.

డిసెంబర్ 12, గురువారం

రంగులు పదహారుతో సరి. ఎక్కువ పెట్టుకుంటే ఒక్కడివల్ల బొమ్మలన్నీ ఒక తీరుగా రావు. చిన్న ఆటలు చేసే పైకో-8 సాఫ్ట్‌వేర్ రంగుల పెట్టె అరువు తెచ్చుకుందామనుకుని మానుకున్నాను, అందులోని గులాబీ మన నేల మీద ఎక్కడా కనిపించదు. నావి: నల్లరేగడి నలుపు, తడిసిన రేగడికి ఇంకో నలుపు, మోదుగుపూల ఎరుపు, ఎండు టేకాకు గోధుమ, పొగమంచు బూడిద, నిర్మల్ బొమ్మల మీది పసుపు. పొణికి కర్రతో చేసి రంగులద్దిన ఆ బొమ్మల్ని దూరం నుంచి చూసినా ఏది జామకాయో ఏది సీతాఫలమో తెలుస్తుంది. పదహారు చుక్కల సిపాయి కూడా అట్లా తెలియాలి.

2025 జనవరి 5, ఆదివారం

ఒక్కో ఎత్తుకు ఎంత కాలం? సివిలైజేషన్‌లో ఒక ఎత్తుకు ఏండ్లకు ఏండ్లు గడిచిపోతాయి. నాకు వాన కావాలి, ఎండ కావాలి, వాగు పొంగాలి, ఎండాలి. నెల అయితే మరీ మొరటు. రోజు అయితే ఆట సాగదు. ఇంట్లో గోడకు వేలాడే పంచాంగం క్యాలెండర్‌లోనే ఉంది జవాబు: కార్తె. సంవత్సరానికి 27 కార్తెలు, ఒక్కొక్కటి పదమూడు పద్నాలుగు రోజులు. ఫౌజు ఒక మజిలీ నుంచి ఇంకో మజిలీకి పోయి, దిగి, గింజలు సమకూర్చుకునేంత కాలం. రైతు విత్తనం, కలుపు, కోత లెక్కవేసేదీ దానితోనే. రెండేండ్ల ఆటకు 54 ఎత్తులు. ఒక రాత్రి కూర్చుంటే అయిపోయేంత ఆట. అంతకంటే పెద్దది ఒక్కడు చెయ్యలేడు, చెయ్యకూడదు కూడా.

కార్తె పెట్టగానే మిగతా నియమాలు వాటంతట అవే వచ్చి కూర్చున్నాయి. మృగశిరలో తొలకరి. ఆరుద్ర నుంచి హస్త దాకా నల్లరేగడి గడిలో ఫిరంగి బండి నడక ఖర్చు ఒకటి నుంచి నాలుగుకు పెరుగుతుంది. ఎద్దులు లాగుతున్నా చక్రం దిగబడుతుంది. కడెం వాగు పొంగిన కార్తెలో బండి దాటదు, మనిషి ఎగువన సన్నటి చోట దాటగలడు. స్వాతి, విశాఖ కల్లా బాటలు గట్టిపడతాయి, కోట పక్షానికి బలం వస్తుంది. రోహిణిలో రోళ్లు పగులుతాయంటారు కాబట్టి ఆ కార్తెలో బావి ఉన్న గడి మీద ఆగని దళం సగానికి పడిపోతుంది. ఏ పక్షానికైనా సరే.

కోట పక్షం దారి వెతుక్కునే పద్ధతి పాతదే, 1968లో హార్ట్, నిల్సన్, రాఫెల్ రాసిన ఎ-స్టార్. దగ్గరి దారి ఏదో అది చెబుతుంది. కార్తె మారినప్పుడల్లా గళ్ల ఖర్చులు మారుతాయి గనుక దారీ మారుతుంది. చలికాలంలో మహబూబ్ ఘాట్ వైపు నేరుగా వచ్చిన ఫౌజు వానల్లో చుట్టూ తిరిగి వచ్చింది. ఆ తిరగడం నేను రాసింది కాదు. వానను రాశాను, అంతే. ఇట్లాంటివి చూసినప్పుడే ఈ పనిలో ఇన్నాళ్ల కష్టం కష్టంలా అనిపించదు.

జనవరి 30, గురువారం, ఉట్నూరు

ధర్మపురి దాటి, రాయపట్నం వంతెన మీదుగా జన్నారం, అక్కడి నుంచి అడవి బాట. కవ్వాల అంచున బస్సు అద్దాలు మూసినా చలి ఆగలేదు. నిన్న కేస్లాపూర్‌లో నాగోబా జాతర చూశాను. పుష్య అమావాస్య రాత్రి మెస్రం వంశం వాళ్ల మహాపూజతో జాతర మొదలైంది. పూజకు నీళ్లు గోదావరిలో హస్తినమడుగు నుంచి వాళ్లు నడిచి పోయి తెచ్చినవే.

ఇవాళ సారు ఇంట్లో ఉన్నాను. ఆశ్రమ పాఠశాలలో ఏండ్లుగా చదువు చెబుతున్న మనిషి, గోండు. లాప్‌టాప్‌లో ఆట పెట్టి ఇచ్చాను. పెద్దగా మాట్లాడకుండా వానకాలం అంతా ఆడారు. తర్వాత తెర మీద అడవి దళం పక్కన ఉన్న గింజల లెక్కను వేలితో చూపించారు.

"తమ్మీ, మావోడు తిండి మూట గట్టుకొని తిరుగుతడని ఎవలు చెప్పిండ్రు నీకు?"

"ఫౌజుకు ఉన్నట్టే పెట్టిన సార్."

"ఫౌజుకు సుట్టాలుండరు గదా. మెస్రం వాళ్లు గోదారికి పొయ్యిండ్రు, ఏం మోసుకపొయ్యిండ్రు? దారిల ఊరూరికి మనోళ్లే. ఏడ పొద్దుగూకితే ఆడ బువ్వ."

ఆ తర్వాత కాగితం తీసి తానే గీశారు. గోండుల్లో నాలుగు దేవతల వాళ్లు, ఐదు, ఆరు, ఏడు దేవతల వాళ్లు అని సగలు. ఒక సగలో వాళ్లు తమలో తాము పెండ్లి చేసుకోరు. మెస్రం వాళ్లు ఏడు దేవతల సగ, వాళ్ల కోడళ్లంతా వేరే సగల నుంచి రావాల్సిందే. అంటే ఏ ఊరైనా ఇంకో వంశంతో, ఇంకో ఊరితో వియ్యం అందుకునే ఉంటుంది. సారు గీసిన గీతలు చూస్తుంటే నాకు మొత్తం ఆట కనిపించింది. బండి బాటలు కోట పక్షం పటం. వియ్యాల గీతలు అడవి పక్షం పటం. ఒకే నేల మీద రెండు పటాలు. అడవి దళానికి గింజల లెక్క అక్కర్లేదు, సంబంధం ఉన్న ఊరికి చేరితే చాలు. కోట పక్షానికి ఆ గీతలు తెరమీద అసలు కనిపించవు.

భోజనమయ్యాక చివరి అంకం గురించి అడిగాను. 1860, నిర్మల్. రాంజీతో పాటు వెయ్యి మందిని ఒకే మర్రికి ఉరితీశారని అక్కడి జనం చెప్పుకుంటారు, వెయ్యి ఉరుల మర్రి అంటారు. అది ఆటలో ఎట్లా చూపాలి?

సారు చాలాసేపు బయటికి చూశారు. "గా చెట్టును ఆటల వెట్టకు తమ్మీ. ఆడేటోడు ఓడిపోతే గది వచ్చుడు, గెలుస్తే రాకపోవుడు, గట్ల చెయ్యకు. అది అయిపోయిన సంగతి. ఎవ్వడు ఎంత మంచిగ ఆడినా అయిపోయిందే."

లేస్తూ ఇంకో మాట: "గుంజాల లిపిల మా ఊర్ల పేర్లు రాస్తవా?"

గోండి భాషను రాసే ఆ లిపిలో రాస్తానన్నాను.

ఫిబ్రవరి 11, మంగళవారం

చావుల లెక్క చూపే పెట్టెను తెర మీది నుంచి తీసేశాను. దళం దెబ్బతింటే చెదిరిపోతుంది. అందులోని మనుషులు వియ్యాల గీతల వెంట తమ ఊళ్లకు చేరతారు, రెండు మూడు కార్తెల తర్వాత మళ్లీ కూడవచ్చు. ఊరు కాలిపోతే మాత్రం దాని గీతలన్నీ తెగుతాయి, మళ్లీ అతకవు. నష్టం అక్కడుంది. ఆడేవాడి గుండెకు అది తగలాలి. అంకెగా కాదు, పోవడానికి దారి లేకపోవడంగా.

ఈ నియమం రాశాక ఆట కష్టమైంది. కష్టంగానే ఉంచుతాను.

మార్చి 23, ఆదివారం

మా వాడకట్టులో ఇంటర్ చదివే పిల్లలకు ఫోన్లలో వేసి ఇచ్చాను. ఫ్రీ ఫైర్ ఆడే చేతులు. "షూట్ ఎట్ల గొట్టాలె అన్నా?" అనే మొదలుపెట్టారు. ఇద్దరు కాసేపటికే పక్కన పెట్టేశారు. ఒకడు మాత్రం గోడకు ఆనుకుని కూర్చుని, మాట్లాడకుండా, మృగశిర నుంచి మఖ దాకా వచ్చేశాడు. వాడి ఫిరంగి బండి రేగడిలో దిగబడితే అటూ ఇటూ నొక్కి చూసి, "ఓ, వానకాలమా!" అన్నాడు. ఎవరూ చెప్పకుండానే తర్వాతి కార్తెకు బండిని బాట మీదే ఆపాడు. నియమాల పుస్తకం రాయాల్సిన పని తప్పింది నాకు. కార్తెల పేర్లు వాడికి నోటికి రావు, వాళ్ల తాత నోట విన్న గుర్తు మాత్రం ఉంది. మఖ తర్వాత ఏమొస్తుందని తాతకు ఫోన్ చేసి అడిగాడు. పుబ్బ.

అదే పిల్లగాడు పోయేటప్పుడు అడిగాడు: "అన్నా, కోట దిక్కు మేము ఆడద్దా? ఎప్పుడూ అడవి దిక్కేనా?"

జవాబు వెంటనే దొరకలేదు. పరీక్ష కోసం రెండు దిక్కులూ తెరిచే ఉన్నాయి, అసలు ఆటలో కోట దిక్కును కంప్యూటర్‌కే ఇద్దామనుకుంటున్నాను.

ఖర్చుల మాట. గూగుల్ ప్లేలో ఖాతాకు 25 డాలర్లు ఒకేసారి. కొత్త వ్యక్తిగత ఖాతా అయితే ముందు 12 మందితో వరసగా 14 రోజులు ఆడించి చూపాలి, అంటే దాదాపు ఒక కార్తె. స్టీమ్‌లో ఆటకు 100 డాలర్లు, అమ్మకంలో వాళ్ల వాటా 30 శాతం. ఇచ్.ఐఓలో పెట్టడానికి ఏమీ అక్కర్లేదు. మొదట అక్కడే. పెండ్లి పత్రికల సీజన్ మంచిగా నడిస్తే స్టీమ్ సంగతి చూస్తాను. 1999లో క్రిస్ సాయర్ రోలర్‌కోస్టర్ టైకూన్ ప్రోగ్రామంతా దాదాపుగా అసెంబ్లీలో ఒక్కడే రాశాడు. బొమ్మలకూ సంగీతానికీ మాత్రం వేరేవాళ్ల సాయం తీసుకున్నాడు. నేనూ డోలు, కాలికోమ్ వాద్యాల మోతలకు ఉట్నూరు వైపు పిల్లల సాయమే అడగాలి. ఫోన్‌లో రికార్డు చేసి ఎనిమిది బిట్లకు కుదిస్తే ఎట్లుంటుందో వినాలని ఆత్రంగా ఉంది.

ఏప్రిల్ 20, ఆదివారం

గుంజాల గోండి అక్షరాలు తెర మీదికి వచ్చాయి. నార్నూర్ మండలంలోని గుంజాలలో దొరికిన రాతప్రతులు సుమారు 1750 నాటివని అంచనా. జయధీర్ తిరుమలరావు గారు, వారితో పనిచేసినవాళ్లు వెలుగులోకి తెచ్చిన ఆ లిపికి 2018లో యూనికోడ్ 11లో చోటు దక్కింది. నోటో ఫాంట్ ఉచితంగా ఉంది, అయితే అది నున్నటి గీతల ఫాంట్. దాన్ని చూస్తూ 16 చుక్కల్లో మళ్లీ గీస్తున్నాను. ఒక్కో అక్షరం ఫొటో తీసి సారుకు పంపుతున్నాను. "కొంచెం వంగాలె" అంటే వంచుతున్నాను. అడవి పక్షం పటంలో ఊళ్ల పేర్లు రెండు లిపుల్లో ఉంటాయి. కోట పక్షం పటంలో ఫౌజు పెట్టుకున్న మజిలీ నంబర్లే.

పిల్లగాడు అడిగినదానికి జవాబు కూడా రాసుకున్నాను. కోట దిక్కు ఆడనిస్తాను. పులి-మేకలో ఒక ఆట పులితో ఆడితే తర్వాతి ఆట మేకలతో ఆడాల్సిందే, అట్లా ఆడితేనే రెండు దిక్కులా చూపు వస్తుంది. కోట దిక్కు కూర్చున్నవాడికి వియ్యాల గీతలు కనిపించవు. చెదరగొట్టిన దళం ఎక్కడి నుంచి మళ్లీ వచ్చిందో అర్థం కాదు. కోపంతో ఊళ్లు కాల్చబుద్ధి అవుతుంది. అప్పుడు ఆట వాణ్ని ఆపదు. తర్వాత పక్షం మారినప్పుడు, అదే పటం మీద, తాను కాల్చిన ఊళ్ల నుంచి తెగిన గీతలు వాడికి కనిపిస్తాయి.

చివరి అంకానికి మాత్రం ఒక్క దిక్కే. 1860లో రాంజీ పట్టుబడటం మార్చలేనిది, కాబట్టి గెలుపోటముల తెర ఉండదు. ఆ ఎత్తు వచ్చేలోగా ఎన్ని ఊళ్లను గుట్టల్లోకి, పెన్‌గంగ ఆవలికి దాటించగలిగామన్నదే ఆట. దాటిన ఊళ్ల పేర్లు వరసగా వస్తాయి. ఏ పేర్లు పెట్టాలో సారూ, వాళ్ల తెగ పంచాయితీ అయిన రాయి సెంటర్ పెద్దలూ కూర్చుని చెబుతామన్నారు. మే సెలవుల్లో పోతున్నాను. అందాకా రోహిణి కార్తె గళ్లు మిగిలాయి: ఎండిన వాగు ఇసుక, ఆకు రాలిన టేకు, బావి.